పదకొండో ముడి

నిషాత్ మెసేజ్ వచ్చేసరికి పదీ ఇరవై. మెహజబీన్ అప్పుడే కోరుట్ల పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతోంది.

“ఖాలా, ఇయ్యాల ఒకటిన్నరకు పెద్ద సూది. దువా చెయ్యి.”

నిషాత్ ఆమె అక్క కూతురు. ఇరవై ఏడేళ్లు, పెళ్లయి ఆరేళ్లు, కాపురం కోరుట్లలోనే. అండాశయాల నిండా నీటి బుడగలు. డాక్టర్లు దాన్ని పీసీఓఎస్ అని రాస్తారు. ఇంట్లో వాళ్లు ‘పిల్లకు నెల సరిగ్గా రాదు’ అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. జగిత్యాలలో కొత్తగా పెట్టిన ‘తొలకరి’ సంతాన కేంద్రానికి ఆ పిల్లను చెయ్యి పట్టి తీసుకెళ్లింది మెహజబీనే. ‘నీటి బుడగలు ఉన్నవారికి చికిత్స ఉచితం’ అని వాళ్లు కరపత్రాలు పంచారు. ఉచితమంటే ఎగబడే రకం కాదు మెహజబీన్. కానీ నిషాత్ మొహం చూశాక కాదనలేకపోయింది.

‘చేస్తున్న బేటా’ అని జవాబిచ్చి ఫోన్ సంచిలో పడేసింది. పనిమీద వచ్చినప్పుడు ఇంటి సంగతులు గడప బయటే ఉంచాలన్నది ఆమె నియమం. పద్నాలుగేళ్లు పోలీస్ స్టేషన్లలో రైటర్‌గా పనిచేసి, పై అధికారుల అబద్ధాలు తన చక్కటి చేతిరాతతో రాయలేక రాజీనామా ఇచ్చిన మనిషి. ఇప్పుడు జగిత్యాలలో ఒక టైలర్ షాపు మీద డిటెక్టివ్ ఆఫీసు. ఎక్కువగా పెళ్లి సంబంధాల ఆరా పనులే వస్తాయి. హత్య కేసు రావడం ఇదే మొదలు.

కేసు నాలుగు ముక్కల్లో ఉంది. సిరిసిల్లకు చెందిన వనిత, ముప్పై ఒక్క ఏళ్లు, బుధవారం పొద్దున కోరుట్లలోని ఒక కిరాయి గదిలో చనిపోయింది. ముందురోజు సాయంత్రం మొగుడు అరవింద్ ఆ గదికి వచ్చి అరిచాడనీ, కూల్‌డ్రింక్ తాగించి వెళ్లాడనీ సాక్ష్యం. సీఐ జగదీశ్ గురువారం నాలుగింటికి అతన్ని పట్టుకున్నాడు. ఈరోజు శుక్రవారం, నాలుగు లోపల కోర్టుకు పంపాలి. అరవింద్ తల్లి నిన్న రాత్రే సిరిసిల్ల నుంచి వచ్చి మెహజబీన్ కాళ్లు పట్టుకుంది. ‘నా కొడుకు కోడిని గూడ కొయ్యడు బిడ్డా’ అంది. కొడుకుల గురించి తల్లులు చెప్పేవి మెహజబీన్ నమ్మదు. అయినా వచ్చింది.

స్టేషన్‌లో పాత కానిస్టేబుల్ ఒకాయన లోపలికి వదిలాడు. “పది నిమిషాలే రైటరమ్మా. సీఐ సారు చూస్తే నా ఉద్యోగం ఊడుతది.”

అరవింద్ లాకప్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం మాసింది, కళ్లు ఎండిపోయాయి.

“మంగళవారం ఎన్నింటికి పోయినవ్ ఆ రూముకు?”

“ఐదున్నరకు మేడం!”

అటు గదిలో కానిస్టేబుల్ ఉలిక్కిపడి తలెత్తాడు. మెహజబీన్ చెయ్యి ఊపింది. “మెల్లగ చెప్పు. నా చెవులు మంచిగనే ఉన్నయి.”

“నాయే లేవు మేడం. పద్నాలుగేండ్ల సంది సాంచలు నడుపుతున్న. ఆ చప్పుడుకు సగం చెవులు పోయినయి. మా సిరిసిల్లల సాంచల మీద చేసెటోళ్లందరం గిట్లనే మాట్లాడుతం.”

మెహజబీన్ అప్పుడే ఒక ముక్క తీసి పక్కన పెట్టింది. మరమగ్గాల మధ్య బతికినవాడు ‘మంచినీళ్లు ఇయ్యి’ అన్నా పక్కింటివాళ్లకు కొట్లాటలాగే వినపడుతుంది.

“ఎందుకు పోయినవ్?”

“ఫోన్ జేసింది. కడుపు నొస్తున్నదన్నది. పదిహేను దినాల కింద వెల్గటూర్ల తల్లిగారింటికి పోతున్న అని చెప్పి పోయింది. కోరుట్లల ఉన్న అనేసరికి నాకు తల తిరిగింది.”

“అనుమానం వచ్చిందా?”

“వచ్చింది. అబద్ధమెందుకు. బస్సుల కూసున్నంతసేపు గదే మతిల ఉన్నది.”

“లోపలికి పోయినంక?”

“కడుపు ఇంత ఉబ్బి ఉన్నది మేడం. తొమ్మిదేండ్లయింది మా పెండ్లయి. ఆ కడుపు చూసి నేను...” అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. “ఒక్క నిమిషం నాకు సంబురమైంది. నెలలు నిండినయనుకున్న. పదిహేను దినాలల్ల గట్లెట్లయితదన్న సోయి గూడ లేదు.”

మెహజబీన్ తల దించుకుంది. ఈ మనిషి చంపలేదని ఆమె మనసు ఆ క్షణాన్నే తేల్చేసింది. కానీ మనసు తేల్చిన మాటను మెజిస్ట్రేట్ ఒప్పుకోడు.

“మల్ల?”

“చీర జరిపి చూపెట్టింది. బొడ్డు చుట్టూరా సూది గుర్తులు. ‘పిల్లల కోసం ఏయించుకుంటున్న, నీకు చెప్తే వద్దంటవని చెప్పలె’ అన్నది. ఇంతకుముందు రెండుసార్లు వేరేకాడ చూపెట్టుకుని అలిసిపోయినం. ఇగ చాలు, మనిద్దరమే ఉందమన్న. నేననుడే తప్పాయె.”

“దవఖానకు ఎందుకు తీసుకపోలే?”

“రానన్నది! కాళ్లు మొక్కిన. ‘గిట్ల ఉబ్బుడు మామూలేనని సిస్టర్ చెప్పింది. వేరే దవఖానకు పోతే అండాశయాలే తీసేస్తరట, ఇగ జన్మల పిల్లలు కారట’ అన్నది. వాంతులైతున్నయంటే కూల్‌డ్రింక్ తెచ్చిచ్చిన. ఆరు యాభై బస్సుకు పోయిన, రాత్రి డ్యూటీ ఉండె. తెల్లారకముందు ఆమె నాకు పద్నాలుగు సార్లు ఫోన్ జేసిందట. నేను సాంచ మీద ఉన్న. ఇనవడలే మేడం. నాకు ఇనవడలే.”

అతను అరుస్తూనే ఏడ్చాడు. కానిస్టేబుల్ ఈసారి తల తిప్పుకున్నాడు.

బయటికొచ్చి స్కూటీ స్టార్ట్ చేయబోతూ మెహజబీన్ ఆగిపోయింది. బొడ్డు చుట్టూ సూది గుర్తులు. పదిహేడేళ్ల కింద ఆమె పొట్టమీద కూడా అవే గుర్తులు ఉండేవి. ఆమెకూ నీటి బుడగలే. కరీంనగర్‌లో ఒక చిన్న ఆస్పత్రి, ఇప్పుడది లేదు. పది రోజులు సూదులు, పదకొండో రోజు గుడ్లు పండించే పెద్ద సూది, ఆపైన మత్తిచ్చి గుడ్లు తీయడం. మత్తు దిగాక మెత్తటి చేతుల నర్సు ఒకామె తల నిమురుతూ చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ‘రెండే వచ్చినయి బిడ్డా. అవి గూడ పనికిరాకపాయె.’ ఆ సంగతి భర్త హమీద్‌కు తప్ప ఎవరికీ తెలియదు. సొంత అక్కకు కూడా చెప్పలేదు. హమీద్ పోయి నాలుగేళ్లయింది.

ఆమె స్కూటీని గది వైపు తిప్పింది. పదకొండూ పది.

గది యజమానురాలు లస్మవ్వ అరవై దాటిన ముసలామె. ఒళ్లో చాట పెట్టుకుని అరుగు మీద బీడీలు చుడుతోంది. ఇల్లంతా తునికాకు వాసన. పోలీసులు గది తలుపుకు అడ్డంగా ఒక రిబ్బన్ కట్టి, తాళం వేయడం మరిచిపోయారు.

“అవ్వా, లోపల చూడొచ్చా?”

“ఇల్లు నాది, నన్నడుగుతవేంది? చూడు. వాళ్లు నన్ను ఒక్క మాట అడగకుంట ఇల్లంత తిరిగిపోయిన్రు.” లస్మవ్వకు పోలీసుల మీద గట్టి కోపమే ఉంది.

గదిలో రెండు మంచాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకు మేకు. మూలన ఇసుక గంప మీద నీళ్లు చల్లబడే మట్టి రంజన్, దానికి చుట్టిన తడి గోనెసంచి. మెహజబీన్ రంజన్ దగ్గరే ఆగింది. మాఘమాసం చలి ఇంకా వదల్లేదు. కోరుట్లలో అందరూ నీళ్లు వేడి చేసుకుని తాగుతున్నారు. ఈ రోజుల్లో రంజన్ నింపి, గోనె తడిపి పెట్టుకునే పిచ్చివాళ్లెవరు?

“నీకు ఫ్రిజ్ లేదా అవ్వా?”

“బీడీలు చేసేదాన్ని, నాకేడిది ఫ్రిజ్?”

మెహజబీన్ మూత తీసి చెయ్యి లోపల పెట్టింది. అడుగున ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. డబ్బాలో చిన్న గాజు సీసాలు నాలుగు, మూడు ఖాళీ. ఒక్కో సీసాకు ఒక తెల్ల చీటీ. తడికి అక్షరాలు అలుక్కుపోయినా పైన అచ్చు వేసిన పేరు మాత్రం చక్కగా కనపడుతోంది. తొలకరి సంతాన కేంద్రం, జగిత్యాల.

నిషాత్‌ను తను చెయ్యి పట్టి తీసుకెళ్లిన చోటు.

“ఈ సూదులు ఎవరికి అవ్వా?”

“వచ్చెటోళ్లకు. కిరాయికుండేటోళ్లు కొందరు, రోజు వచ్చిపోయేటోళ్లు కొందరు. జగిత్యాలకు దినాం బస్సుల పోతే అదురుకు ఖరాబైతదని గీన్నే ఇస్తరట. సూదులు సల్లగుండాలె అన్నది సిస్టర్. మా ఇంట్ల సల్లగుండేది రంజనే గదా.”

“ఎన్నిరోజులు ఇస్తరు?”

లస్మవ్వ చాట పక్కన పెట్టి లేచింది. నేరుగా మేకు దగ్గరికి వెళ్లింది. మేకుకు బీడీకట్టలు కట్టే రంగు దారాలు వేలాడుతున్నాయి. మెహజబీన్ వాటిని మామూలు దారపు ముక్కలే అనుకుంది.

“నాకు సదువు రాదు. సిస్టర్ ఒకసారి రాకపోతే నేను యాదిజెయ్యాలె. అందుకే మనిషికొక దారం, సూదికొక ముడి. పదకొండో ముడి పెద్ద సూది. అదయినంక దారం కొస కత్తిరిస్త. ఇగో, గీ ఎర్రది వనితది.”

ఎర్ర దారానికి పదకొండు ముడులు, కొస కత్తిరించి ఉంది. అలా కత్తిరించినవి ఇంకో ఐదు ఉన్నాయి. పోలీసుల ఫోటోల్లో ఈ దారాలు పడే ఉంటాయి. ఎవరూ లెక్కపెట్టి ఉండరు.

“వనితకు పెద్ద సూది ఎప్పుడిచ్చిన్రు?”

“పోయిన శుక్రారం. పగటీలి, ఒంటిగంటకు.”

“ఆ తర్వాత?”

“శనివారం రాత్రి, అందరు పండుకున్నంక కారచ్చింది. తెల్లారక ముందే తెచ్చి పండవెట్టి పోయిన్రు. పొద్దుగాల లేసి ఒకటే ఏడుపు. రెండే వచ్చినయట, అవి గూడ పనికిరావట.”

“ఏమన్నవ్?”

“గదే బిడ్డా. అందరిదీ గదే ఏడుపు. ఇంతమందికి ఏ ఒక్కదానికీ మూడు రాలే. ఏం పాపం చేసిన్రో ఆడిపిల్లలు.”

ఒకరికి రెండు రావచ్చు. ఇద్దరికి రావచ్చు. ఆరుగురికి ఆరుగురికీ రెండేనా? ఎండిన చెట్టుకు రెండు కాయలంటే నమ్మొచ్చు. కానీ నీటి బుడగల జబ్బు అట్లాంటిది కాదు. ఆ ఆడవాళ్ల అండాశయాల్లో గుడ్లు తక్కువ కావు, లెక్కకు మించి ఉంటాయి. వాటంతట అవి పండి విడుదల కావు, అంతే. మందు వేస్తే మిగతావాళ్లకు పది వచ్చేచోట వీళ్లకు ముప్పై నలభై పొంగుతాయి. అందుకే మంచి డాక్టరు వీళ్లకు మందు తక్కువ వేస్తాడు. ఎక్కువేస్తే ప్రాణానికే చేటు. ఇదంతా మెహజబీన్ తన ఓటమి తర్వాత, ఎందుకు ఓడిందో తెలుసుకోవాలని పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నదే.

ఉచితం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. నీటి బుడగలు ఉన్నవాళ్లకే ఎందుకో కూడా అర్థమైంది. పిల్లలు ఇవ్వడానికి కాదు. ఇంకెవరికో అమ్ముకోవడానికి ఎక్కువ దొరికేచోట ఏరుకుంటున్నారు.

ఆమె వేళ్ల మీద గంటలు లెక్కపెట్టింది. పెద్ద సూదికీ, గుడ్లు తీయడానికీ మధ్య ముప్పై ఆరు గంటలు. నిమిషం అటూఇటూ కాకూడదు. పగలు ఒంటిగంటకు సూది ఇస్తే ఆపరేషన్ మర్నాడు రాత్రి ఒంటిగంటకు. నిఖార్సైన డాక్టరు అయితే రాత్రి సూది ఇచ్చి, పగటిపూట, పదిమంది సిబ్బంది ఉండగా తీస్తాడు. మధ్యాహ్నం సూది ఇచ్చేవాడికి చీకటి కావాలి, అంతే. తనకిచ్చింది కూడా మధ్యాహ్నపు జొహర్ నమాజు అయ్యాకనే అని ఆమెకు గుర్తొచ్చింది. ఆ ఆలోచనను అక్కడే తొక్కిపెట్టింది. ఇప్పుడు దాని సమయం కాదు.

“ఇంకో దారం ఉన్నదేంది? కత్తిరియ్యలే?” పచ్చ దారం. పది ముడులు.

“అది మీ సాయెబులోళ్ల పిల్లది. గీ ఊరే. బొమ్మోలె ఉంటది. అందరు సూది ఏయించుకుని పోతరు, ఆమె ఒక్కతే నాకు బీడీలకు దారాలు గట్టిచ్చి పోతది. ఇయ్యాలనే ఆఖరి ముడి.”

పన్నెండూ ఐదు. మెహజబీన్ ఫోన్ తీసి నిషాత్‌కు కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. నిషాత్ భర్త యాసర్‌కు కొట్టింది. స్విచ్ఛాఫ్. శుక్రవారం, జుమా నమాజుకు బయలుదేరి ఉంటాడు. ఇంకా గంటా ఇరవై అయిదు నిమిషాలు ఉంది, ఇల్లు పావుగంట దూరం. చాలు. ఆమె సీసాలు రుమాలులో చుట్టి, దారాలు మేకు నుంచి తీసి వెనక్కి తిరిగింది.

గుమ్మంలో సీఐ జగదీశ్ నిలబడి ఉన్నాడు. వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్లు.

“రైటరమ్మా! నా సీన్ల నీకేం పని? చేతులల్ల ఏంది అవి?”

“నువ్వు వదిలిపెట్టిపోయిన సాక్ష్యాలు.”

ఒకప్పుడు జగదీశ్ ఎస్ఐగా ఉన్నప్పుడు మెహజబీన్ రాసిన కేసు డైరీతోనే అతనికి మెడల్ వచ్చింది. సన్మానం రోజు ఆమెనే టీలు అందించమన్నాడు. ఆ టీ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు.

“అక్కడ పెట్టు. కదిలితే కేసు కడత.”

“నన్ను పోనీ సార్. నా అక్క బిడ్డ పాణం మీదికొచ్చింది.”

“అందరికి అక్క బిడ్డలుంటరు. ముందు ఇది తేలాలె. నీ కథ ఏందో చెప్పు.”

తోసుకుని పోతే చెయ్యి చేసుకుంటాడు, స్టేషన్‌లో కూర్చోబెడతాడు. చెప్పడమే దగ్గరి దారి. “పోస్టుమార్టం కాయితం చదివినవా?”

“కూల్‌డ్రింక్ సీసా ల్యాబుకు పోయింది. విషమని తేలుతది. మొగుడు ఒర్లిండని పక్కింటోళ్లు చెప్పిన్రు. పెండ్లాం అబద్ధమాడి వేరే ఊర్ల ఉన్నది. ఇంకేం గావాలె?”

“నేనడిగింది కాయితం గురించి.”

జగదీశ్ జేబులోంచి మడత కాగితం తీసి ఆమె మొహం మీదికి విసిరాడు. మెహజబీన్ విప్పి, తొమ్మిదో వరుస మీద వేలు పెట్టి చదివింది. “కడుపుల నాలుగు లీటర్ల నీరు. ఊపిరితిత్తుల చుట్టూ లీటరు. రెండు అండాశయాలు పదహారు సెంటీమీటర్లు. బాదంకాయంత ఉండాల్సినయి కొబ్బరికాయంత అయినయి. ఏ విషానికి గట్లయితది సార్? సూదులు మోతాదు మించితే అయితది. ఇది నీ చేతికొచ్చి రెండు దినాలాయె.”

“ఆడోళ్ల రోగాలు నాకేం తెలుసు?”

“తెల్వకపోతే అడగాలె. అవ్వా, మంగళవారం అరవింద్ తెచ్చిన కూల్‌డ్రింక్ వనిత తాగిందా?”

లస్మవ్వ అరుగు మీది నుంచే చెప్పింది. “ఏడ తాగింది? వాసనకే వాంతి జేసుకున్నది. పారవొయ్యబుద్ధిగాక నేనే తాగిన. సీసా ఆన్నే పెట్టిన.”

కానిస్టేబుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జగదీశ్ చెవులు ఎర్రబడ్డాయి.

“ముసల్దానా, మొన్ననే ఎందుకు చెప్పలే?”

“నన్నెవలడిగిన్రు?”

మెహజబీన్ దారాలు ఎత్తి చూపించింది, ముడుల లెక్క చెప్పింది, ముప్పై ఆరు గంటల లెక్క చెప్పింది, రెండే రెండు గుడ్ల మాట చెప్పింది. జగదీశ్ విన్నాడు. విని నవ్వాడు.

“గుడ్ల దొంగతనమా? కోళ్ల ఫారమా ఇది?”

మెహజబీన్ అతన్ని కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఆమెకు తర్వాత కూడా తెలియలేదు. “చచ్చింది మనిషి సార్. పిల్లలు కావాలన్నందుకు చచ్చింది.”

నవ్వు ఆగింది. అతను మూర్ఖుడే గాని రాయి కాదు. గొంతు దించి అన్నాడు. “నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. పెద్ద డాక్టర్లు, పెద్ద వకీళ్లు. దారపు ముడులు చూపెట్టి జగిత్యాలల సెంటర్ల అడుగువెడ్తనా? ఫిర్యాది ఎవరు? నాకు గుడ్లు రెండే అని చెప్పి మోసం జేసిన్రని సంతకం పెట్టే ఆడిమనిషి ఒక్కతి గావాలె. గీ దారాలల్ల ఒక్కరి పేరు చెప్పు.”

లస్మవ్వకు ఊళ్లు తెలుసు, పేర్లు తెలియవు. తెలిసినా ఎవరు వస్తారు? అత్తకు కొండగట్టు మొక్కుకు పోతున్నానని చెప్పి, మొగుడికి తల్లిగారిల్లని చెప్పి, దొంగచాటుగా సూదులు వేయించుకున్నవాళ్లు. గొడ్రాలన్న మాట పడలేక దాచుకున్నది స్టేషన్‌కొచ్చి చెప్తారా? దొంగలకు ఆ సంగతి బాగా తెలుసు. ఈ వ్యాపారానికి కాపలా కుక్క సిగ్గే.

“ఒక్కతిని తీసుకురా. ఆ నిమిషంలనే కేసు కడత. అప్పటిదాంక నీ అరవింద్ నాలుగింటికి కోర్టుకే.” జగదీశ్ దారి వదిలాడు.

పన్నెండూ నలభై రెండు. మెహజబీన్ అరుగు దిగుతుంటే లస్మవ్వ వెనకనుంచి అడిగింది. “పచ్చ దారానికి ముడి వెయ్యాల్నా బిడ్డా?”

“ఇంకా ఇయ్యలే గదా అవ్వా. ఒకటిన్నరకు గదా.”

“పోలీసోళ్లు వచ్చిన్రు, మల్ల సూది ఏడిస్తవమ్మా అని నేను సిస్టర్‌కు ఫోన్ జేసిన. మీరు కొట్లాడుకుంటుంటే. ఆ పిల్ల ఇంటికే పోయి ముందుగాలనే ఇచ్చొస్త అన్నది.”

ఒక అమాయకపు ముసలామె, ఒక పాత పగ, ముప్పై ఏడు నిమిషాల వాదన. మెహజబీన్ తనను తాను బూతులు తిట్టుకుంటూ స్కూటీ తోలింది.

నిషాత్ తలుపు తీసింది. చున్నీ కిందుగా పొట్టమీద దూది అదిమి పట్టుకుని ఉంది. కళ్లల్లో నవ్వు.

“ఐపోయింది ఖాలా! కొంచెం గూడ నొప్పి కాలే.”

“ఎన్నింటికి?”

“పన్నెండున్నరకు. సిస్టరే ఇంటికొచ్చింది. రేపు రాత్రి పదకొండున్నరకు కారు పంపుతరట.”

పన్నెండూ యాభై ఎనిమిది. మెహజబీన్ గుమ్మంలోనే నేల మీద కూర్చుండిపోయింది. సూది వెనక్కి తీయలేరు. ఇక ఆ పిల్ల కడుపులో ముప్పై ఆరు గంటల లెక్క మొదలైనట్టే.

“లే బేటా. బురఖా తొడుక్కో. కరీంనగర్ పోదాం, పెద్ద దవఖానకు.”

నవ్వు పోయింది. “ఎందుకు? నేను రాను. ఇప్పుడు వేరేకాడికి పోతే అండాశయాలే తీసేస్తరట.”

అవే మాటలు. లాకప్‌లో అరవింద్ నోటి నుంచి విన్న మాటలు, అక్షరం తేడా లేకుండా.

“వనిత అని ఒకామె గట్లనే అనుకుని చచ్చిపోయింది నిషాత్. నువ్వు సూది ఏయించుకున్న రూములనే.”

“ఆమెకేదో వేరే రోగముంటది. ఖాలా, స్కానింగ్‌ల నేను లెక్కవెట్టిన. ఒక్క దిక్కే పదిహేడు ఉన్నయి, రెండో దిక్కు గూడ గన్నే. ఆరేండ్లకు నాకు ఒక్క దారి దొరికింది. నీకు కాలేదని నాకు గూడ కావద్దా?”

అన్నాక నిషాత్ నోరు మూసుకుంది. తప్పయిందని మొహంలో తెలుస్తోంది. మెహజబీన్‌కు కోపం రాలేదు.

“ముప్పై నాలుగు. సిస్టర్ ఎన్ని వస్తయన్నది?”

నిషాత్ దూదిని చూసుకుంటూ మెల్లగా చెప్పింది. “మనసు గట్టి చేసుకో అన్నది. రెండే అస్తయి, అవి గూడ పనికిరాకపోవచ్చన్నది. గీ నీటి బుడగలోళ్లందరికీ గంతేనట. నువ్వెరుకనట ఖాలా ఆమెకు. రాధమ్మ అని చెప్తే గుర్తువడ్తదన్నది. కరీంనగర్ల నీకు గూడ ఆమెనే ఇచ్చిందట. నీకు గూడ రెండేనట గదా.”

తియ్యకముందే రెండని చెప్పారు. తియ్యకముందే లెక్క రాసి పెట్టుకున్నారు. ఇప్పుడు నిషాత్‌కు చెప్పినట్టే, పదిహేడేళ్ల కింద తనకూ చెప్పారు. ఆ మెత్తటి చేతులు తల నిమిరినప్పుడు మెహజబీన్ ఆ చేతులనే పట్టుకుని ఏడ్చింది. తన ఒళ్లే పాడైందని నమ్మి హమీద్‌ను ఇంకో పెళ్లి చేసుకోమని కూడా అడిగింది. తన ముప్పయ్యో నలభయ్యో ఎక్కడికి పోయాయి? ఎవరి ఇళ్లల్లో, ఎవరి పేర్లతో, ఇప్పుడు పదహారేళ్ల వయసులో... ఆమె ఆ వాక్యం పూర్తిచేయలేకపోయింది.

ఫోన్ తీసి జగదీశ్‌కు కొట్టింది. స్పీకర్ పెట్టి నేల మీద ఉంచింది.

“ఏంది రైటరమ్మా?”

“ఫిర్యాది దొరికింది. కలం తీసుకో. ఇయ్యాల నువ్వు రాయి, నేను చెప్త.”

అవతల కాగితం చప్పుడు. “పేరు?”

“మెహజబీన్. భర్త పేరు హమీద్, చనిపోయిండు. వయసు నలభై నాలుగు. నాకు అండాశయాలల్ల నీటి బుడగలు ఉండె. పదిహేడేండ్ల కింద కరీంనగర్ల నాకు రాధమ్మ అనే నర్సు పదకొండు సూదులు ఇచ్చింది. గుడ్లు రెండే వచ్చినయని చెప్పింది. నేను నమ్మిన.”

జగదీశ్ కలం ఆగిన సంగతి ఫోన్‌లోనే తెలిసింది. “నిజమా?” అన్నాడు. ఇదివరకు ఎన్నడూ వినని గొంతు.

“రాసినవా?”

“రాస్తున్న. చెప్పండి.”

“రేపు రాత్రి పదకొండున్నరకు ఒక కారు వస్తది. గా కారుల నా అక్క బిడ్డ ఉండది. నువ్వుండాలె.”

ఆమె తలెత్తింది. నిషాత్ గోడకు ఆనుకుని వింటోంది. చేతిలోంచి దూది ఎప్పుడో జారిపోయింది. ఖాలా మొహాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కొక్కేనికి వేలాడుతున్న బురఖా తీసుకుని, తొడుక్కుని గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.